ఆఫీసు బల్ల ఎన్నేళ్ళు నిలవాలి?

ఆఫీసులకు, గ్రంథాలయాలకు, ఆసుపత్రులకు, బస్టాండ్లకు కావలసిన బల్లలూ కుర్చీలూ రెండు దారుల్లో వస్తాయి. కంపెనీ చేసి కేటలాగులో పెట్టినవాటిలో ఒకటి ఎంచుకుని కొనడం మొదటిది. గదిని కొలిచి, అక్కడ కూర్చునేదెవరో, చేసే పనేమిటో చూసి, దానికి తగ్గట్టు చేయించుకోవడం రెండోది. పెళ్ళికి మంచం, పూజగదికి మందిరం వడ్రంగితో చేయించుకునే అలవాటున్న మనకు ఈ రెండోది కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చి చేరింది పర్యావరణం లెక్క. ఈ కలప ఎక్కడి చెట్టుది, జిగురులో ఏముంది, ఎన్నేళ్ళు నిలుస్తుంది, విరిగితే బాగవుతుందా, చివరికి ఎక్కడికి పోతుంది అని ఇప్పుడు కొనేవాళ్ళు అడుగుతున్నారు. అందరి చూపూ మొదటి ప్రశ్న మీదే ఉంటుంది. అసలు లెక్క తేల్చేవి మాత్రం మూడోది, నాలుగోది.

ఎందుకో చూడటానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్. 20 కిలోల కలప బల్లలో 10 కిలోల కార్బన్ ఉంటుంది. చెట్టు దాన్ని గాలిలోంచి తీసుకున్నప్పుడు అది సుమారు 37 కిలోల కార్బన్ డయాక్సైడ్. బల్ల వాడుకలో ఉన్నంతకాలం ఆ కార్బన్ అందులోనే ఉంటుంది, విరగ్గొట్టి పొయ్యిలో పెట్టిన రోజున తిరిగి గాలిలో కలుస్తుంది. యాభై ఏళ్ళు నిలిచే బల్ల ఒకటి చేస్తే చాలిన చోట ఐదేళ్ళకు ఊడిపోయేవి కొంటే పది చెయ్యాలి. అంటే పదిసార్లు కలప, పదిసార్లు జిగురు, పదిసార్లు లారీ. ఆకుపచ్చ ముద్ర వేసుకున్న పది బల్లలకంటే ముద్ర లేని ఆ ఒక్క బల్లే భూమికి తేలిక కావచ్చు.

అలా నిలిచినదానికి పుదుచ్చేరిలో ఒక ఉదాహరణ ఉంది. అరవిందాశ్రమం 1930ల చివర్లో సాధకుల కోసం ఒక వసతి భవనం కట్టడం మొదలుపెట్టింది. హైదరాబాదు సంస్థాన దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన విరాళం దానికి ఆధారమైంది, అందుకే ఆ భవనానికి గోల్కొండ పేరు పెట్టారు. ఆశ్రమంలో ఫ్రెంచి పలుకుబడిలో గోల్కొండ్ అంటారు. రూపకల్పన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్‌ది. ఆయన దగ్గర పనిచేసే జార్జ్ నకషిమా అక్కడే ఉండి పని చూశాడు, గదుల్లోని టేకు ఫర్నిచర్‌కూ ఆయనే రూపమిచ్చాడు. తర్వాతి కాలంలో అమెరికాలో కలప పనికి పెద్ద పేరు తెచ్చుకున్న నకషిమా చేసిన తొలి ఫర్నిచర్‌లో అదొకటి. గదులు చిన్నవి, వస్తువులూ ఆ కొలతకే ఉంటాయి. ఎనభై ఏళ్ళు దాటినా అవి ఇంకా వాడుకలో ఉన్నాయి. టేకు గట్టిది కాబట్టే అంటే సగం మాటే అవుతుంది. ఏ వస్తువును ఎలా తుడవాలో, ఎప్పుడు బాగుచెయ్యాలో అక్కడ మొదటి నుంచీ కట్టుదిట్టమైన పద్ధతి ఉంది.

కొలతకు చేయించే పని మనుషుల కొలతతో మొదలవుతుంది. కూర్చున్నవాళ్ళ పాదాలు నేలకు ఆనాలి, తొడల కింద అంచు కొయ్యకూడదు. బజారులో దొరికే ఆఫీసు బల్లల ఎత్తు ఎక్కువగా 75 సెంటీమీటర్లు. ఐదడుగులున్న ఉద్యోగిని అక్కడ టైపు చెయ్యాలంటే కుర్చీ పైకెత్తాలి, కాళ్ళ కింద పీట వేసుకోవాలి. భారతీయుల శరీర కొలతల మీద అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ఒక గ్రంథమే ప్రచురించింది. దాన్ని తెరిచి చూసే కొనుగోలు గుమాస్తాలు మాత్రం తక్కువ. ప్రజలు వచ్చిపోయే చోట తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సర్టిఫికెట్ల కౌంటరు ఛాతీ ఎత్తున ఉంటే ముసలివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి కాగితం అందించాలి, చక్రాల కుర్చీలో వచ్చినవారు లోపలి గుమాస్తాకు కనిపించనే కనిపించరు. అదే కౌంటరులో ఒక గజం మేర 75–80 సెంటీమీటర్ల ఎత్తుకు దించి, కింద మోకాళ్ళు పట్టేంత ఖాళీ వదిలితే చాలు. కేటలాగు కౌంటరులో ఆ పని కుదరదు, వడ్రంగికి అది అరపూట పని.

కొలత మనిషికే కాదు, షీటుకూ కుదరాలి. ప్లైవుడ్ మామూలుగా ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటుగా వస్తుంది, అంటే 2440 బై 1220 మిల్లీమీటర్లు. బల్ల పైభాగం 1200 బై 600 అనుకుంటే ఒక షీటులో సరిగ్గా నాలుగు వస్తాయి, రంపం మందం పోయే మూడు నాలుగు మిల్లీమీటర్లకు కూడా చోటు మిగులుతుంది. డిజైనరు కంటికి బాగుంటుందని వెడల్పును 650 చేశాడనుకుందాం. ఇక ఎలా తిప్పి పెట్టినా మూడే వస్తాయి. నాలుగో బల్లకు ఇంకో షీటు తెరవాలి. పొడవు కూడా 1350కి పెంచితే షీటుకు ఒక్కటే వస్తుంది, మిగిలిన డెబ్బై శాతం ముక్కలు సొరుగులకో అరలకో పనికొస్తే సరి, లేకపోతే గోడకు ఆనించి ఉండిపోతాయి. వంద బల్లల ఆర్డరులో మొదటి కొలతకు 25 షీట్లు చాలు, రెండోదానికి 34 కావాలి. నక్షా గీసే గదిలో ఐదు సెంటీమీటర్ల దగ్గర తీసుకునే నిర్ణయం కలప ఆదా గురించి చేసే ఎన్ని ఉపన్యాసాలకంటేనైనా బరువైనది. మంచి వర్క్‌షాపుల్లో బల్ల కొలత ఖాయం చేసే ముందే షీటు మీద ముక్కల అమరిక గీసి చూస్తారు.

ఇక కలప. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవి నరకడం మీదా, లైసెన్సు లేని సామిల్లుల మీదా గట్టి అదుపు వచ్చింది. దానికి మూడేళ్ళ ముందే, 1993లో, కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడొద్దని ఆంక్ష పెట్టుకుంది. 2020లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు. కలప మానితే అడవి మిగులుతుందన్నది ఆలోచన. కలప స్థానంలోకి వచ్చినవి ఉక్కు, అల్యూమినియం, పీవీసీ. అవి బొగ్గునూ కరెంటునూ పెట్రోలియాన్నీ మింగి పుట్టేవి. పెంచి నరికి మళ్ళీ నాటే చెట్టును వదిలేసి వాటి దగ్గరికి పోవడం అంత లాభమైన బేరంలా లేదు.

ఇప్పుడు మన దేశంలో ప్లైవుడ్‌కు వెళ్ళే కలపలో పెద్ద భాగం రైతుల పొలాలదే. హరియాణాలోని యమునానగర్ మిల్లులు చుట్టుపక్కల గట్ల మీద పెరిగే పోప్లార్, జామాయిల్ చెట్ల మీద నడుస్తాయి. ఆంధ్ర, తెలంగాణ రైతులు జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేస్తారు, కానీ వాటిలో ఎక్కువ భాగం కాగితం మిల్లులకు పోతుంది. కేరళ రబ్బరు తోటల్లో పాలు తగ్గిన చెట్లను పాతికా ముప్ఫై ఏళ్ళకు కొట్టేస్తారు. ఆ కలప ఒకప్పుడు వంటచెరుకే. బోరాన్ మందు పట్టించి బట్టీలో ఆరబెట్టడం వచ్చాక అది మంచి ఫర్నిచర్ కలప అయింది. మందు పట్టించకపోతే అందులోని పిండిపదార్థం కోసం పురుగు చేరి ఏడాదిలో పుచ్చి పిండి రాలుతుంది. వెదురుకూ ఇదే నియమం. మూడు నాలుగేళ్ళకే పక్వానికి వచ్చే వెదురును అటవీ చట్టం చాలాకాలం చెట్టుగానే లెక్కగట్టింది. 2017లో చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురును కొట్టడానికీ తరలించడానికీ అనుమతుల బెడద తప్పింది. అడవిని సరిగ్గా చూసుకుంటున్నారని చెప్పే ముద్రల్లో 1993లో పుట్టిన ఎఫ్ఎస్‌సీ ఎక్కువగా వినిపిస్తుంది. ఎగుమతి కంపెనీలకు అది తప్పనిసరిలాంటిది. మండల కేంద్రంలోని కలప అడితిలో ఆ కాగితం అడిగితే యజమాని వింతగా చూస్తాడు. అక్కడ అడగవలసినవి వేరు: ట్రాన్సిట్ పర్మిట్ ఉందా, మాను ఏ జిల్లాది, చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత.

అడితిలో దొరికే ఇంకో సరుకు పాత కలప. పెంకుటిళ్ళూ మండువా లోగిళ్ళూ పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు. వందేళ్ళు ఆరిన టేకు అంత సులువుగా వంగదు, పగలదు, అంత లావు చేవ కొత్త మానులో దొరకడమూ కష్టమే. అయితే దానితో పని చెయ్యడం చులకన కాదు. లోపల విరిగి ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, ప్లేనర్ బ్లేడు అంచు పెచ్చులూడుతుంది. అందుకే చెక్కను మిషను మీద పెట్టేముందు మెటల్ డిటెక్టరుతో తడుముతారు. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు. పాత రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, క్రియోసోట్ నూనె తాగినవాటిని గదిలోకి తేవడం మంచిది కాదు.

ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌ల దగ్గర ప్రశ్న జిగురుది. చౌకైన యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తుంటుంది. కొత్త ఆఫీసులో అడుగుపెట్టగానే కళ్ళు మండించే ఆ ఘాటుకు అదొక కారణం. మనుషుల్లో కేన్సరు కలిగించే పదార్థాల్లో దాన్ని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. ఆవిరి ఎంత తక్కువో చెప్పే గుర్తులు ఈ1, ఈ0. ఏసీ వేసి తలుపులు మూసి ఎనిమిది గంటలు కూర్చునే గదికి ఇది చిన్న విషయం కాదు. నీటికి తట్టుకోవడం వేరే సంగతి. ఐఎస్ 710 ప్లైవుడ్ ముక్కను 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. చాయ్ కౌంటరుకూ చేతులు కడిగే చోటికీ అది కావాలి. ఫైళ్ళ అరకు అంత అక్కర్లేదు, అన్నిటికీ 710 రాయడం డబ్బు దండగ.

కొత్త ఫర్నిచర్ రెండేళ్ళలోనే బీటలు వారిందంటే తప్పు చాలాసార్లు తేమది. పచ్చి మానులో నీరు ఎండు కలప బరువులో సగానికి పైగా ఉండటం మామూలే. ఏసీ గదిలోకి వెళ్ళే కలప 8 నుంచి 10 శాతం తేమకు ఆరాలి. సముద్రపు గాలి తగిలే కాకినాడలోనో విశాఖలోనో కిటికీలు తెరిచి ఉండే గదికి ఇంకాస్త ఎక్కువున్నా ఫరవాలేదు. కాకినాడలో ఆరిన కలపతో చేసిన బల్లను హైదరాబాదు ఏసీ హాలుకు తెస్తే ఏమవుతుంది? కలప పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం ముడుచుకుంటుంది. 60 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలక ఐదు శాతం తేమ కోల్పోతే ఆరు మిల్లీమీటర్ల దాకా తగ్గవచ్చు. ఆ పలకను కింది చట్రానికి నాలుగు మూలలా స్క్రూలతో బిగించేస్తే కదలడానికి దారి లేక నెర్రె విడుస్తుంది. తెలిసిన పనివాడు స్క్రూ బెజ్జాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలుస్తాడు. పలక స్క్రూతో పాటే జరుగుతుంది, బిగువూ పోదు. బయటికి కనిపించని ఈ చిన్న కోల బెజ్జం దగ్గర పనితనం తెలిసిపోతుంది. కొటేషన్‌లో మాత్రం దానికి గడి ఉండదు.

అతుకుల సంగతీ అంతే. ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి రెండో చెక్క బెజ్జంలో దించే పాత అతుకు దశాబ్దాల పాటు కుదుపులను ఓర్చుకుంటుంది. ఆఫీసులు తరచూ మారే చోట బోల్టు అతుకులు మేలు, విప్పి లారీ ఎక్కించి మళ్ళీ బిగించవచ్చు. హైదరాబాదు మాదాపూర్, గచ్చిబౌలి వైపు లీజు ముగిసి కంపెనీ ఖాళీ చేసే అంతస్తుల్లో మంచి బల్లలు కూడా సుత్తి దెబ్బలతో తుక్కవుతుంటాయి. గోడకు జిగురుతో, మేకులతో పాతేసినదాన్ని తీయడానికి వేరే దారి ఉండదు మరి.

పాలిష్ విషయంలో బలమైనదాని వెంటే పడతారు. పాలీయురెథేన్ (పీయూ) పూత గీతలు పడకుండా నిలుస్తుంది, కానీ ఒకచోట దెబ్బతింటే ఆ భాగమంతా సాండ్‌పేపర్ పట్టి మళ్ళీ వెయ్యాలి. మెలమైన్ పూత చౌక, అయితే దాన్నుంచీ ఫార్మాల్డిహైడ్ వస్తుంది. లక్క పాలిష్ వేడి టీ కప్పుకే మచ్చపడుతుంది, అయినా గుడ్డముక్కతో గంటలో సరిచెయ్యవచ్చు. అధికారి గది బల్లకు లక్క, ప్రజలు వాడే కౌంటరుకు నీటితో కలిపే పీయూ అంటే పంపకం సబబుగా ఉంటుంది.

ఆరుబయట వేసే బెంచీకి శత్రువులు ఎండ, నిలిచే నీరు. పలకల మధ్య వేలి మందం సందు వదలాలి, పైభాగం కొంచెం వాలుగా ఉండాలి, చెక్క కాలు నేలకు తగలకుండా కింద రాయో లోహపు పాదమో ఉండాలి. మామూలు ఇనుప స్క్రూలు వాడితే వానకు చెక్కలోని టానిన్, ఇనుము కలిసి నల్లటి చారలు కారతాయి. స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో వాడితే ఆ గొడవ లేదు. నిజానికి మన ప్రాంతంలో బయటి బెంచీకి రాయిని మించిన సరుకు లేదు. తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళు దగ్గర్లోనే దొరుకుతాయి, మందు అక్కర్లేదు, చెద పట్టదు. ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాసిన సిమెంటు బెంచీలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. దాతల పేర్లు రాయడానికి పెట్టిన శ్రద్ధలో కొంత బెంచీని చెట్టు నీడకు జరపడానికి పెట్టి ఉంటే బాగుండేది. మే నెల మధ్యాహ్నం వాటి మీద కూర్చోవడం ఎవరి తరం?

ప్రభుత్వ ఆఫీసుల్లో వీటన్నిటికీ అడ్డం పడేది టెండరు. ధర తక్కువ వేసినవారికే పని అన్న నియమం కింద ‘టేకు కుర్చీ’ అని ఒక్క వరుస రాస్తే, తెల్ల చెక్క నిండిన పచ్చి టేకు కుర్చీ కూడా ఆ వరుసకు సరిపోతుంది. చేవ ఎంత ఉండాలో, తేమ ఎంత మించకూడదో, అతుకు ఏ రకమో, సీటూ చెయ్యీ విడిగా మార్చుకునే వీలుండాలో లేదో రాయాలి. మొదట ఒక నమూనా చేయించి నెలరోజులు వాడి చూశాకే మిగతావి చేయించాలి. మరమ్మతుకు ఏటా కొంత సొమ్ము విడిగా పెట్టాలి. నులకమంచంలో నులక తెగితే మంచాన్ని పారెయ్యరు. పాత ఆఫీసు కుర్చీల పేము సీట్లు అలాంటివే, అల్లిక పోతే చట్రం అలాగే ఉంచి మళ్ళీ అల్లించేవారు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఆ పనిని చూపులేనివారికి ఇచ్చే ఆనవాయితీ చాలాకాలం సాగింది. ఫోమూ రెగ్జినూ వచ్చాక ఆ పనీ, ఆ పనివాళ్ళూ తగ్గిపోయారు.

మరమ్మతు లెక్క లేకపోతే ఎంత మంచి వస్తువుకైనా ఏ గతి పడుతుందో చండీగఢ్ చెబుతుంది. 1950లలో కొత్త రాజధాని కడుతున్నప్పుడు వాస్తుశిల్పి ల కార్బూజియేకు తమ్ముడి వరసైన పియెర్ జానరే, ఆయన బృందం అక్కడి సచివాలయానికీ, హైకోర్టుకూ, విశ్వవిద్యాలయానికీ వేలాది కుర్చీలూ బల్లలూ రూపొందించారు. టేకు చట్రం, పేము అల్లిక, తలకిందులు చేసిన ‘వి’ అక్షరంలాంటి కాళ్ళు. స్థానిక వడ్రంగులే చేశారు, ఏ ఆఫీసువో తెలిసేలా వెనక నంబర్లు రాశారు. కొన్ని దశాబ్దాలకు పేము తెగింది, కాళ్ళు ఊగాయి. బాగుచేయించే ఏర్పాటు లేదు. కొత్త కుర్చీలు వచ్చాయి, పాతవి డాబాల మీదా పెరళ్ళలోనూ గుట్టలుగా పడి, తుక్కు వేలంలో పోయాయి. కొన్న విదేశీ వ్యాపారులు వాటిని బాగుచేయించి పారిస్, లండన్, న్యూయార్క్ వేలంపాటల్లో లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోంశాఖ ఆ వారసత్వ ఫర్నిచర్‌ను అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చేసరికి చాలా భాగం దేశం దాటింది. అక్కడ చెడిపోయినవి పేమూ, అతుకులూ. రెండూ వడ్రంగి బాగుచెయ్యగలిగినవే.

చివరి దశలో పదార్థాల మధ్య తేడా పూర్తిగా బయటపడుతుంది. గట్టి కలప బల్లను విప్పితే కాళ్ళు కిటికీ చట్రాలవుతాయి, పలకలు చిన్న స్టూళ్ళవుతాయి, మిగిలింది అడితికి పోతుంది. ఉక్కు చట్రం కరిగి మళ్ళీ ఉక్కవుతుంది. నాపరాయి బెంచీ ఇంకో పార్కుకు మారుతుంది. మైకా అంటించిన పార్టికల్ బోర్డు ఒకసారి నీరు తాగి ఉబ్బిందంటే ఎవరికీ అక్కరకు రాదు. జిగురూ ప్లాస్టిక్కూ ఉన్నందువల్ల దాన్ని పొయ్యిలో కాల్చడం ప్రమాదం, మున్సిపల్ చెత్తకుప్పలోకి చేరడం తప్ప దానికి వేరే దారి లేదు. అలాంటి బోర్డు వాడక తప్పని చోట దాన్ని విడి పలకగా బిగించి, చట్రాన్ని కలపతోనో ఉక్కుతోనో చేయిస్తే పాడైన పలక ఒక్కటే పోతుంది.